కదురుకి ఎన్ని రోజులు సెలవు?

మొన్న డిసెంబరులో ఇంగ్లండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. క్రిస్మస్ వారానికని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలో, బైబరీ అనే ఊరి దగ్గర చిన్న కాటేజీ అద్దెకి తీసుకున్నారు. "అమ్మా, ఈ వారం రోజులూ నువ్వు వంటింట్లోకి రాకూడదు" అని మా అమ్మాయి ముందే షరతు పెట్టింది. సరేనన్నాను గానీ, ముప్పై ఏళ్ళ అలవాటు అంత తేలిగ్గా పోతుందా? మొదటి రోజే అయిదింటికి లేచి, చీకట్లో స్టవ్ ఎలా వెలిగించాలా అని తడుముతుంటే పట్టుబడిపోయాను.

అక్కడ ఆ రోజుల్లో పొద్దున ఎనిమిది దాటితే గానీ సూర్యుడు రాడు. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ చీకటి. క్రిస్మస్ రోజు రైళ్ళు తిరగవు. పెద్ద దుకాణాలు ఆ రోజు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. మనిషిని ఓ మూల కూర్చోబెట్టడానికే వచ్చిన కాలంలా ఉంటుంది. పొయ్యిలో కట్టెలు కాలుతుంటే దుప్పటి కప్పుకుని కూర్చోవడం, కాసేపు వాన లేకపోతే ఊళ్ళోకి నడిచి రావడం. అంతే పని.

బైబరీలో ఆర్లింగ్టన్ రో అని రాతి ఇళ్ళ వరస ఉంది. క్యాలెండర్ల మీద చూసే ఉంటారు. 1380లో ఉన్ని నిలవ చేసే కొట్టుగా కట్టిన దాన్ని 17వ శతాబ్దంలో నేతగాళ్ళ ఇళ్ళుగా మార్చారట. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ గొర్రెల ఉన్నితో బతికినవే. వర్తకులు ఆ డబ్బుతో పెద్ద పెద్ద చర్చిలు కట్టించారు. వాటిని ఇప్పటికీ ఉన్ని చర్చిలనే అంటారు. చిప్పింగ్ క్యాంప్‌డెన్ చర్చిలో, 1401లో పోయిన విలియం గ్రెవెల్ అనే ఉన్ని వర్తకుడి సమాధి ఉంది. మరి ఆ ఉన్నిని దారంగా వడికిన వాళ్ళు? ఎక్కువగా ఇళ్ళల్లో ఆడవాళ్ళే. ఒక్క మగ్గం నడవాలంటే పలువురు వడకాలి. వాళ్ళ పేర్లు మాత్రం నాకెక్కడా కనబడలేదు. పెళ్ళికాని ఆడమనిషిని స్పిన్‌స్టర్ అంటారు చూడండి, ఆ మాటకి మొదటి అర్థం వడికే మనిషి అనే.

పూర్వం అక్కడి పల్లెల్లో క్రిస్మస్ మొదలుకొని పన్నెండు రోజులు పండగ. జనవరి 6న ఎపిఫనీతో అది ముగిసేది. మగవాళ్ళు నాగలి మళ్ళీ పట్టేది ఆ తర్వాత వచ్చే మొదటి సోమవారం. దాన్ని ప్లవ్ మండే, అంటే నాగలి సోమవారం అనేవారు. ముఖ్యంగా తూర్పు వైపు పల్లెల్లో ఆ రోజు నాగలిని ఇంటింటికీ లాక్కెళ్ళి డబ్బులు అడిగేవారు. మన గంగిరెద్దుల వాళ్ళు గుర్తొచ్చారు నాకు.

ఆడవాళ్ళ పని మాత్రం సోమవారం దాకా ఆగేది కాదు. ఎపిఫనీ మర్నాడే, జనవరి 7నే, వడకడం మొదలు. ఆ రోజు పేరు సెయింట్ డిస్టాఫ్స్ డే. డిస్టాఫ్ అంటే వడికేటప్పుడు ఉన్నిని, నారను చుట్టి ఉంచుకునే కర్ర. ఆ పేరుతో సెయింటు ఎవరూ లేరు, వేళాకోళానికి పెట్టిన పేరు. 1648లో అచ్చయిన రాబర్ట్ హెరిక్ పుస్తకంలో ఈ రోజు మీద ఒక కవిత కూడా ఉంది. ఇంకా సెలవులో ఉన్న మగవాళ్ళు వచ్చి, వీళ్ళు వడుకుతున్న నారకి సరదాగా నిప్పు పెట్టేవారట. వీళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి వాళ్ళని తడిపేవారట. లెక్క వేసి చూశాను. సోమవారం ఎప్పుడు పడుతుందన్న దాన్ని బట్టి, ఆ ఏడు మగవాళ్ళకి ఆరు రోజుల వరకూ ఎక్కువ సెలవు!

నవ్వుకున్నాను గానీ, వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది. కనుమ నాడు కాకైనా కదలదంటారు మనవైపు. ఎడ్లకి కాడి ఉండదు, ప్రయాణాలు కూడా మానేస్తారు. కానీ కనుమ నాడు మినుము తినాలన్నది కూడా మన మాటే కదా! ఇంటిల్లిపాదికీ గారెలకని మా అమ్మ తెల్లారకుండానే రోలు ముందు కూర్చునేది. కాకికి సెలవు, ఎద్దుకి సెలవు, అమ్మకి రోలు. మేమూ ఆ గారెలు తిన్నవాళ్ళమే, ఒక్క ఏడు కూడా అడగలేదు.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. ఎనభై రెండేళ్ళు ఆవిడకి.

"ఏం వండావే ఇవాళ?"

"ఏమీ వండలేదమ్మా. అల్లుడు చారు పెట్టాడు. నేను కూర్చున్నాను."

కాసేపు మాట లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"ఎన్ని రోజులు?" అంది.

"వారం."

"ఇంకో నాలుగు రోజులు ఉండరాదూ" అంది మా అమ్మ.