నిక్కరు

బడిపిల్లవాని మోకాలిపై నిలుచు 'నిక్కరు' మనకు నిత్యపరిచితమైన మాటయే కాని, దాని పుట్టుక బహుదూరదేశమున జరిగినది. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ అను అమెరికా రచయిత, డీడ్రిక్ నికర్‌బాకర్ అను డచ్చి నామమును కల్పించుకొని, న్యూయార్కు చరిత్రము నొకదానిని వెలువరించెను. పిదప ఆ గ్రంథమునకు జార్జి క్రూక్‌షాంక్ గీచిన చిత్రములలో డచ్చివారు తొడిగిన, మోకాలికడ బిగిసిన వదులు లాగులకే జనులు ఆ పేరు పెట్టిరి.

బేస్‌బాల్ దుస్తుల చరిత్రను శోధించువారికి ఇచ్చట నొక విచిత్రము ఎదురగును. 1845లో న్యూయార్కునందు ఆ పేరితోనే వెలసిన నికర్‌బాకర్ సంఘము, 1849లో నీలపు ఉన్ని లాగులను, తెల్లని ఫ్లానెల్ చొక్కాలను, గడ్డి టోపీలను నియతవేషముగా గైకొన్నది గాని, ఆ లాగులు పాదములదాక దిగినవే! మోకాలి లాగును ప్రసిద్ధికి తెచ్చినది సిన్సినాటి జట్టు. 1869లో ఆటగాండ్రకెల్ల బాహాటముగా జీతములిచ్చిన తొలి జట్టు అదియే. హ్యారీ రైట్ నాయకత్వమున వారు లాగు కుదించి, ఎఱ్ఱని పొడుగు మేజోళ్లను లోకమునకు చూపి, 'రెడ్ స్టాకింగ్స్' అను పేరు గాంచిరి. వేషమే పేరును ప్రసాదించిన ఈ ఉదాహరణము నాకు మిక్కిలి ప్రియమైనది. 1871లో రైట్ బోస్టనునకు తరలినపుడు ఆ పేరును సైతము వెంట గొనిపోయెను.

నికర్‌బాకర్ శబ్దమే ఆంగ్లమున 'నికర్స్' అని కుదించుకొని, మన నోట 'నిక్కరు' అయినది.