ఆమె పేరు మీద ఇల్లు

ఇంటి పట్టా ఆడవాళ్ళ పేరునే ఇవ్వాలన్నది మన పాత కోరిక. 2006లో ఇందిరమ్మ పథకం ఆ మాట విన్నప్పుడు సంతోషించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అయితే ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం అప్పే. పట్టాతో పాటు బాకీ కూడా ఆమె పేరునే రాసుకున్నారు.

2015లో తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇళ్ళు వచ్చాయి. 560 చదరపు అడుగులు, అప్పు లేదు, లబ్ధిదారు వాటా లేదు. పేదల ఇంటిని ఇంత గౌరవంగా ఊహించిన పథకం అంతకు ముందు లేదనే అంటాను. కానీ పట్టణాల్లో ఒక్కో ఇంటికి కట్టిన ధర 5 లక్షల 30 వేలు. ఊరి నడుమ జాగా కొనడానికి అందులో పైసా లేదు. సర్కారు భూమి ఎక్కడుంటే ఇల్లక్కడే. జగిత్యాల పట్టణ పేదల కాలనీ ఊరి బయట, కొండగట్టు వైపు, నూకపల్లిలో లేచింది.

ఈ ప్రాంతంలో ఆడవాళ్ళు బీడీలు చుట్టేది ఇంట్లోనే. తునికాకు తడపాలి, కత్తిరించాలి, చేట ఒళ్ళో పెట్టుకుని వెలుతురున్న చోట కూర్చోవాలి, చుట్టినవి తీసుకెళ్ళి కార్ఖానాలో అప్పజెప్పాలి. ఇల్లు దూరమైతే పని దూరమవుతుంది. ఆ దారి ఖర్చు ఏ అంచనాలోనూ ఉండదు.

2024లో మళ్ళీ ఇందిరమ్మ ఇళ్ళు. మళ్ళీ ఆమె పేరునే. నాలుగు విడతల్లో 5 లక్షలు, అంటే తొమ్మిదేళ్ళ కిందటి పట్టణపు ధర కన్నా 30 వేలు తక్కువ! పునాది లేస్తే గానీ మొదటి లక్ష రాదు. పునాదికి డబ్బెక్కడిది? సంఘం అప్పు, లేదా మెడలో పుస్తెలతాడు. అదీ సొంత జాగా ఉన్నవాళ్ళకే ముందు. కిరాయి గదిలో బీడీలు చుట్టుకునే ఒంటరి ఆడమనిషి వంతు ఎప్పుడని అడుగుతూనే ఉన్నాను.