మాట రాకముందే అక్షరం: సీమ బడుల్లో రెండు వందల ఏళ్ల దారి

రాయలసీమలో పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఉన్న నేల 1800లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి పోయిన దత్తమండలాల్లో భాగం. ఆ ప్రాంతపు బడుల తీరు వివరంగా తెలిసేది కూడా కంపెనీ కాలపు కాగితాల వల్లే. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. పొరుగున ఉన్న బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదికలో వీధిబడి మన కళ్ల ముందు నిలుస్తుంది. ఐదో ఏట పిల్లవాణ్ని బడిలో వేస్తారు. ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ గట్టిగా పలుకుతాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పుతారు.

మన్రో అడిగిన పట్టికలో బాలురకు, బాలికలకు, కులాలకు, మతాలకు గడులున్నాయి. చూపు లేని బిడ్డకు, వినపడని బిడ్డకు గడి లేదు. అక్కణ్నుంచి వైకల్యం ఉన్న పిల్లలు చదువుకునే నేటి భవిత కేంద్రం దాకా వచ్చిన దారిలో ఒక షరతు పదే పదే అడ్డుపడుతూ వచ్చింది. ముందు మాట రావాలి, చెయ్యి కుదరాలి, కుదురుగా కూర్చోవాలి, అక్షరం సంగతి ఆ తర్వాత చూద్దాం అన్నదే ఆ షరతు. నిజానికి మాట రాని బిడ్డకే అక్షరం అందరికంటే ముందు కావాలి. ఈ పిల్లల చదువు ఒక అడుగు ముందుకు పడిన ప్రతిసారీ ఈ షరతు కొంత సడలడం వల్లే పడింది.

నోటి చదువు, చేతి చదువు

కడపలో సి.పి. బ్రౌన్ 1821లో ఉచిత పాఠశాలలు పెట్టిన రోజుల్లో కూడా చదువంటే నోరూ చెయ్యీ కలిసి చేసే పని. పలకాలి, దిద్దాలి. ఈ రెంటిలో ఏ ఒక్కటి సాగకపోయినా పిల్లవాడికి దారి మూసుకుపోయేది. చూపు లేని పిల్లవాడు విని శతకాలు వల్లించగలడు కానీ చదవడానికి అతనికి లిపి లేదు. వినపడని పిల్లవాడు ఇసుకలో ఆకారం దిద్దగలడు కానీ ఆ ఆకారానికి అర్థం చెప్పేదంతా శబ్దమే. పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండా అప్పజెబుతున్నారని క్యాంప్‌బెల్ కూడా రాశాడు. అంటే వినపడే పిల్లలకు సైతం ఆ చదువులో అర్థం చివరికి మిగిలిన సంగతే.

ఇసుక పద్ధతి మాత్రం గొప్పది. ఈనాటి ప్రత్యేక ఉపాధ్యాయులు పళ్లెంలో ఇసుకో రవ్వో పోసి దిద్దిస్తారు, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలు నడిపిస్తారు. కంటితో చూసింది నిలవని పిల్లలకు వేలితో తాకింది నిలుస్తుంది. పద్ధతి మన అరుగుల మీదే ఉంది. దాన్ని ఈ పిల్లల దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచనే రాలేదు.

పెదవులు చూపనిది, అచ్చు చూపేది

1880ల్లో బొంబాయిలో బధిరుల బడి, 1887లో అమృత్‌సర్‌లో అంధుల బడి మొదలయ్యాయి. 1890ల్లో తమిళనాట పాళయంకోట్టైలో మిషనరీలు ఈ రెండు రకాల బడులనూ తెరిచారు. వాటికి కాస్త ముందే, 1880లో ఇటలీలోని మిలాన్‌లో సమావేశమైన బధిర విద్యావేత్తలు సైగలను పక్కనపెట్టి నోటి మాటతోనే బోధించాలని తీర్మానించారు. దాని నీడ మన దేశపు బడుల మీద దశాబ్దాల పాటు పడింది. గొంతు మీద చెయ్యి పెట్టించడం, పెదవులు చూసి పోల్చుకోమనడం, శబ్దం తెప్పించడం. పిల్లల బడి కాలంలో ఎక్కువ భాగం ఈ సాధనకే ఖర్చయ్యేది.

పెదవుల మీద పాట, బాట, మాట ఒక్కలాగే కనిపిస్తాయి. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకే తీరున కలుస్తాయి కాబట్టి ఎంత తెలివైన బిడ్డకైనా కంటితో తేడా పట్టడం అసాధ్యం. అదే మూడు మాటలను పలక మీద రాస్తే తేడా వెంటనే తెలుస్తుంది. వినపడని బిడ్డకు పెదవులు ఇవ్వలేనిదాన్ని అక్షరం ఇస్తుంది. సైగతో అర్థం, రాతతో రూపం కలిపి నేర్పితే భాష నిలబడుతుంది. సైగ భాషకు దేశంలో అధికారికంగా ఆదరణ దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది. భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. 3,000 మాటలతో తొలి నిఘంటువు 2018లో వచ్చి, 2021కి 10,000 మాటలకు పెరిగింది.

ఆరు చుక్కల్లో తెలుగు

చూపు లేని పిల్లల విషయంలో పెద్ద మలుపు 1951. అంతకుముందు మన భాషలకు ఎవరికి తోచిన బ్రెయిలీ వాళ్లది. యునెస్కో తోడ్పాటుతో భారతి బ్రెయిలీ ఖాయమయ్యాక తెలుగు, తమిళ, హిందీ భాషల్లో ఒకే ధ్వనికి ఒకే చుక్కల గుర్తు వచ్చింది. ఒకటో చుక్క అ, ఒకటి మూడు చుక్కలు కలిస్తే క.

తరగతి గదిలో దీని మేలు చాలా పెద్దది. అచ్చులో గుడి, కొమ్ము, ఏత్వం అక్షరం మీదో పక్కనో చేరి దాని రూపు మార్చేస్తాయి. బ్రెయిలీలో హల్లు తర్వాత అచ్చు గుర్తు విడి గడిలో వస్తుంది. కి అంటే క, దాని పక్కన ఇ. గుణింతం విడివిడిగా వేలికి తగులుతుంది. అచ్చులో చదివే పిల్లలకు కూడా గుణింతాన్ని ఇలా విడదీసి చూపితే చాలామందికి పీట ముడి విడిపోతుంది. ఒక లోటును పూరించడానికి పుట్టిన పద్ధతి అందరి చదువుకూ పనికొచ్చిన ఉదాహరణల్లో ఇదొకటి.

చదవదగ్గవారు, శిక్షణ ఇవ్వదగ్గవారు

మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం తెలుగునాట కదలిక హైదరాబాదులో మొదలైంది. 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, 1984లో సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థ వచ్చాయి. ఉపాధ్యాయులకు శిక్షణ, తల్లిదండ్రులకు మార్గదర్శనం, పిల్లల పురోగతి కొలిచే పట్టికలు అక్కడి నుంచే ఊళ్లకు చేరాయి. సీమలో అనంతపురం కేంద్రంగా 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వినికిడి లేని, చూపు లేని పిల్లలకు బడులు నడిపింది.

ఆ తరం ఆలోచనలో ఒక గీత ఉండేది. తెలివితేటల కొలతను బట్టి పిల్లలను చదవదగ్గవారు, శిక్షణ ఇవ్వదగ్గవారు అని విడదీసేవారు. రెండో వరుసలోని బిడ్డకు స్నానం, బట్టలు, బువ్వ తినడం నేర్పేవారు. అక్షరాల్లో తన పేరు, బస్సు బోర్డు, ప్రమాద హెచ్చరిక దాకా వచ్చి ఆగేవారు. ఆ నైపుణ్యాలన్నీ అవసరమే. కథ మాత్రం ఆ బిడ్డ వాటాకు రాలేదు. ఎవరూ కథ చదివి వినిపించని పిల్లలకు పుస్తకం మీద ఇష్టం ఎలా పుడుతుంది?

కృత్యాల రాక

మామూలు బడి మారకుండా ఈ పిల్లలకు అందులో చోటు దొరకదు. ఆ మార్పు ఆంధ్రప్రదేశ్‌లో 1984లో మొదలైన ప్రాథమిక విద్యా పథకంతో వచ్చింది. బ్రిటిష్ సాయంతో 1996 దాకా నడిచిన ఈ పథకానికి ఆరు సూత్రాలు ఉండేవి. చేసి నేర్చుకోవడం, పరిసరాలను పాఠంగా వాడుకోవడం వాటిలో ఉన్నాయి. ఒక్కో పిల్లవాడి తేడాను గుర్తించి బోధించాలన్నది కూడా వాటిలో ఒకటి. వికలాంగుల కోసమని ఎక్కడా చెప్పకపోయినా తలుపు తెరిచింది ఆ సూత్రమే.

ఇదే కాలంలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఒకే గదిలో పలు తరగతులు నడిచే పల్లె బడుల కోసం అభ్యాస నిచ్చెనను తయారుచేశారు. పాఠం చిన్న చిన్న కార్డులుగా విడిపోతుంది. ప్రతి బిడ్డా తన మెట్టు మీద తాను, తన వేగంతో నడుస్తుంది. నెమ్మదిగా నేర్చుకునే బిడ్డ వెనకబడ్డట్టు లెక్క కాదు, ఆమె మెట్టు అది, అంతే.

చట్టాలు వెంట వచ్చాయి. చట్టాలకు ముందే 1974లో కేంద్రం సమీకృత విద్యా పథకం పెట్టింది. 1995లో వికలాంగుల చట్టం, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్దే చదువుకునే హక్కు 2012 సవరణతో వచ్చింది. 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 చట్టం 17వ సెక్షన్‌లో బ్రెయిలీ, సైగ భాషలతో పాటు మాటకు తోడ్పడే ప్రత్యామ్నాయ మార్గాలను ప్రోత్సహించమని ప్రభుత్వాలకు చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని 2.68 కోట్ల వికలాంగుల్లో అక్షరాస్యులు సుమారు 55 శాతం. ఏడేళ్లు నిండిన మొత్తం జనాభాలో అది 73 శాతం. పట్టికలో గడి వచ్చింది కానీ అందులోని అంకె ఇంకా చిన్నదే.

భవిత కేంద్రంలో ఒక పూట

నేడు మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌టీలు అనే సమ్మిళిత విద్యా ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, చదువు ఒకే చప్పరం కింద నడుస్తాయి. రాలేని పిల్లల కోసం టీచర్లు ఇళ్లకు వెళ్తారు. పులివెందుల పక్క పల్లెల్లో తల్లిదండ్రులు చీనీ తోటల్లోనో చెనిక్కాయ చేలల్లోనో కూలికి పోతే బిడ్డను కేంద్రానికి తెచ్చేవాళ్లే ఉండరు కాబట్టి ఈ రాకపోకలు ప్రాణాధారం.

ఇక్కడ పాఠానికి సరుకు చుట్టూనే ఉంది. చీనీకాయ చేతికిచ్చి, వాసన చూపి, తినిపించి, చీనీ అని రాసిన కార్డు పక్కన పెడితే రెండు అక్షరాల్లోనూ ఒకే దీర్ఘం కంటపడుతుంది. అరటి, ఆవు, ఊయల పాఠాలూ ఇలాగే సాగుతాయి. మాట రాని బిడ్డ ముందు బొమ్మల పలక ఉండాలి. అందులో నీళ్లు, బువ్వ, బాత్రూం మాత్రమే ఉంటే ఆ బిడ్డ అడుక్కోవడమే నేర్చుకుంటుంది. వద్దు, ఇంకా, నాకు నచ్చింది, ఎందుకు అన్నవి కూడా ఉండాలి. కథ చదువుతూ ఆగినప్పుడు ఆమె ‘ఎందుకు’ మీద వేలు పెడితే అదే ఆ రోజుకు పెద్ద పాఠం. పక్కనే అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు విడిగా ఉన్న పలక ఉంటే క చూపి గుడి చూపి తన మాట తానే కూర్చగలదు. చెయ్యి కదలకపోతే కంటి చూపుతో చూపగలదు.

ఇది ఉత్త ఊహ కాదు. 1971లోనే కెనడాలోని టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ మాట రాని సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు చార్లెస్ బ్లిస్ రూపొందించిన బొమ్మ గుర్తుల పలకలు ఇచ్చి, వాళ్ల మనసులో ఎంత భాష దాగి ఉందో లోకానికి చూపారు. చెన్నైలో అజిత్ నారాయణన్ రూపొందించిన ‘ఆవాజ్’ యాప్ ఆ పనిని ట్యాబ్‌లోకి తెచ్చింది. ట్యాబ్ లేకపోయినా అట్టముక్క, చిత్రాలు, ఓపికగా ఎదురుచూసే టీచరు ఉంటే పని మొదలవుతుంది.

ఆ టీచరు ఉండటమే అసలు సమస్య. సుప్రీంకోర్టు 2021లో ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులను సృష్టించి నింపమని ఆదేశించాక, ప్రాథమిక దశలో 10 మంది ఈ పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని కేంద్రం ప్రమాణం పెట్టింది. ఆ ప్రమాణం సీమలోని ప్రతి మండలంలో నిజం కావాలి. మామూలు బడి టీచర్లకు కూడా బొమ్మల పలక వాడకంలో, సైగ భాషలో శిక్షణ దొరకాలి. భవిత కేంద్రం గోడ మీద థెరపీ పట్టికతో పాటు కథల గంట కూడా రాసి ఉండాలి. బిడ్డ చేరిన తొలిరోజే ఆమె పేరు కార్డు మీద రాసి చేతికివ్వాలి. ఆమె ఎప్పుడు మాట్లాడుతుందో, అసలు మాట్లాడుతుందో లేదో ఎవరమూ చెప్పలేం. చదవడం మొదలుపెట్టడానికి ఆ జవాబు కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు.