తాతలనాటి పిస్తోలు

మన పల్లెలలో కొన్ని పాత యిండ్లయందు భోషాణపు టడుగుననో అటకమీదనో యొక పిస్తోలు గుడ్డలో చుట్టబడి యుండును. “మా ముత్తాతగారిది” అని యింటివారు చెప్పుదురు. అంతకు మించి వారెరుగరు. కాని యా పిస్తోలే తన కథను కొంత చెప్పగలదు. దానిని చెప్పనిచ్చుటయో, దాని నోరు మూయుటయో మన చేతిలో నున్నది.

1800 సంవత్సరమున నైజాము ప్రభువు దత్తమండలములను కుంపిణీవారికి వదలుకొనెను. 1807 వరకు అచట కలెక్టరుగా నుండిన మన్రో దొర పాలెగాండ్ర బలము నణచెను. ఆ కాలపు పిస్తోలునకు మందును, గుండును గొట్టము మూతినుండి కూరవలెను. మీట నొక్కగనే చెకుముకిరాయి యుక్కురేకును తాకి నిప్పురవ్వలు రాల్చును. 1807లో ఫోర్సిత్ అను స్కాట్లండు మతాచార్యుడు దెబ్బ తగిలిన మాత్రమున మండెడి మందును తుపాకికి వాడు పద్ధతికి హక్కుపత్రము పొందెను. కొన్నియేండ్లకు ఆ మందు నించిన చిన్న రాగి టోపీలు వచ్చి చెకుముకిరాయిని వెడలగొట్టెను. కావున పిస్తోలునకు రాయి పట్టు దవడ లున్నవో, టోపీని కొట్టు సుత్తి యున్నదో చూచినచో దాని కాలము కొంతవరకు తెలియును.

ఇంకొక సాక్ష్యము కలదు. కుంపిణీవారి తుపాకులకు మీటపైనుండు ఇనుపపలకమీద ముద్ర యుండెడిది. హృదయాకారమున కుంపిణీ యక్షరములున్నచో అది సుమారు 1808నకు పూర్వపుది. కిరీటము పట్టి నిలుచున్న సింహమున్నచో తరువాతిది.

నేనెరిగిన యొక యింట పెండ్లి సమయమున అట్టి పిస్తోలును ఇటుకపొడితోను, చింతపండుతోను తోమి, ఆకురాయి పట్టించి వెండివలె మెరయించిరి. అందరును మెచ్చిరి. పలకమీద ముద్ర మాత్రము లేదు. తుప్పు నూరేండ్లలో చెరుపలేకపోయిన దానిని మన యుత్సాహము ఒక్క పూటలో చెరిపినది.

కావున శుభ్రపరచుటకు ముందు రెండు మాటలు వినుడు. మొదటిది ప్రాణరక్షణ. తాతలు కూరిన మందు గొట్టములో నేటికిని ఉండవచ్చును. సురేకారము, గంధకము, బొగ్గు కలిసిన నల్లమందు పొడిగా నున్నచో ఎన్నియేండ్లకైనను మండును. మూతి నెవరివైపును త్రిప్పక, సన్నని కఱ్ఱపుల్లను మెల్లగా లోనికి జొనిపి గుర్తు పెట్టి, వెలుపల గొట్టముతో పోల్చి చూడుడు. పుల్ల నిప్పు దూరు రంధ్రమువరకు చేరనిచో లోపల నేదో యున్నది. అప్పుడు దానిని మీరు తీయబోవలదు. నిప్పుకు దూరముగా నుంచి పోలీసువారికి తెలుపుడు.

రెండవది, గీకవలదు. కుట్టుమిషను నూనెను పలుచగా పూసి, రెండుమూడు దినములు నాననిచ్చి, మెత్తని నూలుగుడ్డతో తుడువుడు. ఎఱ్ఱతుప్పు వదలును, నల్లబడిన పాతరంగు నట్లే యుండనిండు. అది యినుమునకు వయస్సు తెచ్చిన చర్మము. కొబ్బరినూనె, నువ్వులనూనె వలదు. అవి జిగటయై దుమ్ము పట్టును. కఱ్ఱభాగమునకు నీరు తగులరాదు. కొంచెము తేనెమైనము చాలును. చెమటచేతులతో ముట్టిన వ్రేలిగుర్తులే తుప్పుగా మారును. తోలుసంచిలో నుంచవలదు, తోలు తేమను పట్టి యినుమును తినును. వానకారునకు ముందొకసారి, వెనుక నొకసారి తీసి చూచిన చాలును. ఆయుధపూజనాడు తడిపసుపు, కుంకుమ ఇనుముపై నలమక పీటకు బొట్టు పెట్టుడు. పూజకు లోపము రాదు.

చట్టమును మరువరాదు. 1878 నాటి ఆయుధశాసనము అనుమతిపత్రము లేనిదే తుపాకి యుంచుకొనరాదనెను. నేడమలులో నున్న 1959 శాసనము ప్రకారము బాగుచేసినను పేలజాలని పురాతనాయుధమునకు మినహాయింపు కలదు, పేలగలదానికి లేదు. ఏది యేదో మనము నిర్ణయించుకొనక అధికారుల నడుగుట క్షేమము. నూరేండ్లు దాటిన వస్తువు 1972 శాసనమున పురావస్తువు కావచ్చును. దానిని విదేశములకు పంపుట నిషిద్ధము.

కడపటి మాట పెద్దలకు. నూనె యినుమును కాచును. జ్ఞాపకమును కాపాడవలసినది మీరు. ఆ పిస్తోలు ఎవరిదని మీ పెద్దలు చెప్పిరో, ఎట్లు వచ్చెనని వింటిరో, పలకమీద నే ముద్ర యున్నదో యొక కాగితమున వ్రాసి, తేదీ వేసి, దానితోనే యుంచుడు. మీ మనుమడు భోషాణము తెరచిననాడు అతనికి ఉత్త యినుపముక్క కాక మీ వంశపు మాట యొకటి దొరకును.