తెల్లన్నానికి హద్దులు చెరిగిన కథ

పొద్దున రాగి జావ తాగి, మధ్యాహ్నం కొర్రన్నం తిని, రాత్రి రెండు పుల్కాలతో సరిపెట్టుకుని, తీరా పడుకోబోయే ముందు ఇంత పెరుగన్నం కలుపుకోకుండా ఉండలేనివాళ్లు తెలుగు ఇళ్లలో లెక్కలేనంతమంది. షుగరొచ్చిందని డాక్టరు చెప్పాక అన్నం తగ్గించబోయిన వాళ్లందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. కడుపు నిండుతుంది, కానీ తిన్నట్టుండదు. దాన్ని నోరు కట్టుకోలేని బలహీనత కింద జమకట్టి ఇంట్లోవాళ్లు మందలిస్తారు, తినేవాళ్లు తమను తామే తిట్టుకుంటారు. ఈ తీర్పు అన్యాయమని చరిత్ర చూస్తే తెలుస్తుంది. తెల్లన్నం మీద మన కోరిక పాతదే. అది మూడు పూటలా, అందరికీ, అడ్డు లేకుండా తీరడం మాత్రం కొత్త. ఆ కోరికకు ఒకప్పుడు వాన ఒక హద్దు, రోకలి ఒక హద్దు, ధర ఒక హద్దు. నూట డెబ్భై ఏళ్లలో కాలువ, మర, చౌకదుకాణం ఆ మూడింటినీ ఒకటొకటిగా తొలగించాయి. ఊరంతా కలిసి మోసిన హద్దును ఇప్పుడు ప్రతి మనిషీ తన కంచం ముందు కూర్చుని ఒంటరిగా గీసుకోవలసి వస్తోంది.

కోరిక పాతదనడానికి సాక్ష్యం మన కావ్యాల్లోనే ఉంది. శ్రీనాథుడి పేరు మీద చలామణి అయ్యే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద విసుగు కనిపిస్తుంది. సన్నన్నానికి అలవాటు పడిన ఆస్థాన కవి నోటికి మెట్టసీమ తిండి సహించలేదు. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఇంకా విలువైన సాక్ష్యం. వానకాలంలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనంలో వరి అన్నం, పప్పు, కూరలు, వడియాలు, వరుగులు, నెయ్యి, పెరుగు ఉంటాయి. అదే కావ్యంలో, అదే వానలో, పొలం పనులు చేసుకునే రెడ్లు తినేది ఆరికెల కూడు. దానికి ఆదరువు గురుగు, చెంచలి, తుమ్మి, చింతచిగురు లాంటి ఆకులు నూనెలో పొరటిన కూర. ఒకే రాజ్యంలో, ఒకే ఋతువులో రెండు కంచాలు. వరి తెలుగు నేలకు కొత్తది కాదు కదా, కాకతీయులు రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు తవ్వించింది వరి కోసమే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ చెరువు కింద తడిసే భూమి కొంతే, ఆ చెరువూ వాన పడితేనే నిండేది. ఆ వరిలో శిస్తుకు పోయేది, గుడికి పోయేది, దొర గాదెకు చేరేది తీసేస్తే పండించినవాడి ఇంట మిగిలేది పండక్కీ పెళ్లికీ వచ్చే అన్నం. మిగతా రోజుల్లో జొన్న, సజ్జ, రాగి, కొర్ర, ఆరికె. అరుదుగా దొరికేదాని మీద మనసు ఎక్కువ లాగుతుంది. తరతరాలుగా ఆ లాగుడు ఇళ్లలో పేరుకుపోయింది.

మొదటి హద్దు తొలగింది గోదావరి మీద. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను ఊడ్చిన కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉండగానే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించాడు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట లేచింది. అంతకుముందు డెల్టాలో వరి వానను, వరదను నమ్ముకుని పండేది. ఇప్పుడు కాలువ నీటిని నమ్ముకుని పండింది. ఆ కాలువల మీదే పడవలు తిరిగి ధాన్యాన్ని పట్టణాలకూ రేవులకూ మోశాయి. నీళ్లిస్తే చాలు, జనం వెంటనే వరికి మారతారనుకోవడం మాత్రం పొరపాటు. అదే శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ నీటిని నల్లరేగడి రైతులు పెద్దగా తీసుకోలేదు. తమ జొన్నకు ఆ నీటి అవసరం లేదు, నీటి తీరువా బరువు. కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కోవలసి వచ్చింది. నేల, పంట, తిండి ఒకదానికొకటి అమరినచోట అలవాటు తొందరగా కదలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అది కదలడానికి ఇంకా రెండు హద్దులు తొలగాలి.

రెండో హద్దు రోకలి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. వడ్లను రోట్లో పోసి ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి రోకళ్లు మార్చి మార్చి వేస్తే పై ఊక ఊడుతుంది. చేటతో చెరిగితే ముడిబియ్యం మిగులుతుంది. దాని మీద ఎర్రని పొర అలాగే ఉంటుంది. అది పోవాలంటే మళ్లీ దంచాలి, తవుడు చెరగాలి, నూకలు వేరు చేయాలి, మళ్లీ దంచాలి. అంటే అన్నం ఎంత తెల్లగా ఉంటే దాని వెనక అంత ఆడవాళ్ల చాకిరీ ఉన్నట్టు. దంచేవాళ్లున్న ఇంట్లో అన్నం తెల్లగా ఉండేది, తన బియ్యం తానే దంచుకునే ఇంట్లో ఎర్రగా ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో డెల్టాలో ఇంజను మరలు పెరిగాక ఈ లెక్క తారుమారైంది. హల్లరు ఒక ఇనుప గొట్టం. లోపల గట్లు ఉన్న రోలరు తిరుగుతుంది. ఒక పక్క వడ్లు పోస్తే ఊకా తవుడూ ఒకే ఊపులో గీరుకుపోయి రెండో పక్క తెల్లటి బియ్యం పడుతుంది. వ్యాపారికీ అదే కావాలి. తవుడులోని నూనె చెడి వాసన వస్తుంది, ముడిబియ్యానికి పురుగు తొందరగా పడుతుంది. తెల్ల బియ్యం గోదాములో నెలల తరబడి నిలుస్తుంది. తవుడు గేదెల కుడితిలోకి పోయింది.

మనుషుల ఒంట్లోకి చేరవలసిన ఒక ముఖ్యమైన పదార్థం కూడా ఆ తవుడుతోపాటే పోయింది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు వాచి, చివరికి గుండె ఆగే బెరిబెరి జబ్బు ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తాలో, ఎక్కువని మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ 1835లోనే ఒక గ్రంథం రాశాడు. అప్పటికి మరలు లేవు కదా అనే ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. లేవు. బాగా దంచి, పలుమార్లు కడిగి, గంజి వార్చిన పచ్చి బియ్యపన్నం ఒక్కటే ప్రధానమైతే రోకలితోనూ ఆ చేటు జరగగలదు. తెల్లదనం మీద మోజు మరకంటే ముందే ఉంది. మర దాన్ని అందరి ఇళ్లకూ పంచింది. 1890ల్లో జావా దీవిలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్, పాలిషు బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి లాంటి జబ్బు వచ్చి, తవుడు పెడితే తగ్గడం గమనించాడు. తవుడులో ఉన్నది తర్వాత థయామిన్ అని, బి1 విటమిన్ అని తేలింది. 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. తమిళ, మలయాళ ప్రాంతాల్లోనూ జనం అన్నమే తింటున్నా అక్కడ బెరిబెరి తక్కువ. కారణం ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పొరలోని థయామిన్ గింజ లోపలికి దిగుతుంది, ఆ తర్వాత మర పట్టినా కొంత మిగులుతుంది. మన కోస్తావాళ్లు పచ్చి బియ్యాన్నే ఇష్టపడ్డారు. ఆ రుచికి తగిన మూల్యం చెల్లించారు. కూనూరులోని ఆ చిన్న గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఆ ఆవరణ ముందు నుంచి రోజూ బస్సుల్లో వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఈ దేశంలో పోషకాహార శాస్త్రానికి పెద్దదిక్కయిన సంస్థ పుట్టింది తెల్లన్నం తెచ్చిన జబ్బును అర్థం చేసుకోవడానికి.

రోకలిని మళ్లీ నిలబెట్టాలని గాంధీ గట్టిగా ప్రయత్నించాడు. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘం దంపుడు బియ్యాన్ని తన కార్యక్రమంలో చేర్చుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1958లో కేంద్రం బియ్యం మిల్లులను లైసెన్సులతో అదుపు చేసే చట్టం తెచ్చింది. దంపుడు పరిశ్రమను కాపాడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. మరల వ్యాప్తిని ఆ చట్టం ఆపలేకపోయింది, 1997లో రద్దయింది. ఈ ఓటమికి జనం అజ్ఞానమే కారణమంటే నేను ఒప్పుకోను. తెల్లవారకముందే లేచి చేతులు బొబ్బలెక్కేలా దంచిన ఆడవాళ్లకు మర విముక్తి. వాళ్ల భుజాల మీద నిలిచిన ఆరోగ్యాన్ని తిరిగి వాళ్ల భుజాల మీదకే మోపాలని చూసిన ఏ ఉద్యమమూ నిలవదు, నిలవకూడదు కూడా.

మూడో హద్దు ధర. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు అధిక దిగుబడినిచ్చే ఐఆర్-8 వరిని పండించి చూపించాడు. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిందీ ఆ ఏడే. ఆ తర్వాత మార్టేరు నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబమసూరి వచ్చాయి. ధాన్యం పెరిగింది గానీ పేదవాడి చేతిలో డబ్బు పెరగలేదు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు మాత్రం రాయలసీమ, తెలంగాణ మెట్ట ఊళ్లలో వందల ఏళ్ల తిండి క్రమం మారడం మొదలైంది. కూలికి పోయి సాయంత్రం ఇల్లు చేరిన ఆడమనిషి జొన్నలు విసిరి, పిండి పిసికి, ఒక్కో రొట్టే తట్టి కాల్చే బదులు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి పిల్లల దగ్గర కూర్చోగలిగింది. ఆ బియ్యం ఆకలి తీర్చింది, మర్యాదా ఇచ్చింది. దొర ఇంట్లో తినేదే మన ఇంట్లోనూ తింటున్నామన్న సంతృప్తి చిన్నది కాదు. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నదీ ఆ మర్యాద కోసమే. అందువల్ల చౌకబియ్యాన్ని దోషిగా నిలబెట్టే మాటలు నాకు సమ్మతం కాదు. నేననేది ఇంతే: ఆకలి కోసం చేసిన ఏర్పాటులో బియ్యం చేరింది, దాని పక్కన పప్పు అంత చౌకగా చేరలేదు.

ఇక కంచం సంగతి. మన భోజనంలో ప్రతి వంతుకూ అన్నం కొత్తగా వడ్డించాలి. పచ్చడీ నెయ్యితో ఒక ముద్ద, పప్పుతో కొంత, కూరతో కొంత, పులుసుతో, చారుతో, చివరికి మజ్జిగతో మళ్లీ. ఆవకాయ, గోంగూర, కారప్పొడి ఇవన్నీ కొంచెంతో బోలెడన్నం తినిపించేందుకు అమరిన రుచులు. కూరగాయకు డబ్బు లేని రోజుల్లో అది గొప్ప తెలివి. బియ్యం దండిగా, ఒంటి కష్టం తక్కువగా ఉన్న రోజుల్లో అదే తెలివి ఎదురు తిరుగుతోంది. పైగా పొర తీసిన బియ్యంలో పీచు చాలా తక్కువ. తొందరగా అరుగుతుంది, రక్తంలో చక్కెర గబుక్కున పెరుగుతుంది, కాసేపటికే మళ్లీ ఆకలేస్తుంది. పెరుగన్నం లేనిదే నిద్ర పట్టని మనిషి వెనక ఇంత ఉంది.

మా తాతలు కుంభాలు కుంభాలు తిని రాయిలా బతికారన్న మాట ఇక్కడ తప్పకుండా వినిపిస్తుంది. తిన్నవాళ్లు నాగలి పట్టారు, నాట్లు వేశారు, ఊరి నుంచి ఊరికి నడిచారు. వాళ్ల అన్నం ఒంట్లో మిగల్లేదు. బెరిబెరితో పోయినవాళ్లు ఆ తాతల కాలంవాళ్లేనని కూడా మరవకూడదు. ఇంకో మాట, చిరుధాన్యాలకు తిరిగిపోతే చాలునని. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఆ పంటలను కాపాడిన తీరు మీద నాకెంతో గౌరవం. కానీ గింజ మార్చి, రాశి మార్చకపోతే ఫలితం తక్కువ. 2025లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో తిండి ద్వారా వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదే. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా పాలిషు గింజకు బదులు గోధుమపిండో చిరుధాన్యపు పిండో వాడినందువల్ల మధుమేహం ముప్పు తగ్గినట్టు అందులో కనబడలేదు. పిండిపదార్థంలో కొంత భాగాన్ని పప్పులతో, పాలు పెరుగులతో భర్తీ చేసినచోట ముప్పు తక్కువగా కనబడింది. కొర్రన్నం కుప్పగా తిని, అన్నం మానేశామని తృప్తిపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

కాబట్టి పట్టుదల ఒక్కదాన్నే నమ్ముకుని అన్నంతో పోరాడకండి. కోరిక పుట్టిన తర్వాత ఆపడం కష్టం. హద్దు అంతకుముందే, ఇంటి ఏర్పాటులో ఉండాలి. బియ్యం కొలిచే గ్లాసు చిన్నది చేయండి, పప్పు గిన్నె, కూర గిన్నె పెద్దవి చేయండి. కూర, పప్పు కొంత ముందు తిని తర్వాత అన్నం తింటే చక్కెర అంతగా ఎగబాకదని పరిశోధనలు చూపించాయి. విందుల్లో తప్ప ఆరు వంతులకూ అన్నం కలపవద్దు. పెరుగన్నం మీద మనసైతే ఆ ఒక్క వంతూ ఉంచుకుని మిగతావి తగ్గించండి. రేషన్ దుకాణం దగ్గర కూడా నోరు విప్పండి. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలనూ జాబితాలో చేర్చింది. జొన్న, రాగి అడగడం మన హక్కు. వాటితోపాటు ప్రతి కార్డుకూ చౌకగా కందిపప్పు కావాలని మీ ఎమ్మెల్యేను అడగండి.