కమాండర్ తర్వాత ఎవరు?

రోమన్ సైన్యంలో సుమారు 80 మంది ఉండే దళానికి సెంచూరియన్ నాయకుడు. ముందు వరసలో నిలబడి పోరాడేవాడు కాబట్టి ముందుగా ప్రాణం పోయేదీ అతనికే. అతని సహాయకుడు ఆప్టియో మాత్రం చిట్టచివరి వరస వెనక, పొడుగాటి కర్ర పట్టుకుని ఉండేవాడు. వెనకడుగు వేసేవాళ్లను అదిలించి ముందుకు నెట్టడం అతని పని. సెంచూరియన్ పడిపోతే దళం అతని చేతికొచ్చేది. ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టకూడదన్న ఇంగితం రెండువేల ఏళ్ల కిందటే ఉందన్నమాట. చిన్న దళాలకు తెలిసిన ఈ సంగతి పెద్ద సైన్యాలకు మాత్రం చాలాకాలం ఒంటబట్టలేదు.

పై స్థాయిలో రెండోవాడంటే తగవులే. క్రీ.పూ. 217లో కార్తేజ్ సేనాని హానిబాల్‌తో ముఖాముఖి యుద్ధానికి దిగకుండా కాలయాపన చేస్తున్న రోమన్ సేనాని ఫేబియస్‌ను అతని ఉపసేనాని మినూసియస్ బాహాటంగా ఎద్దేవా చేశాడు. రోమ్ ప్రజాసభ ఇద్దరికీ సమానాధికారం కట్టబెట్టింది. సైన్యాన్ని చెరిసగం పంచుకున్నారు. కొద్దిరోజులకే మినూసియస్ వెళ్లి హానిబాల్ పన్నిన వలలో పడ్డాడు. ఫేబియస్ వచ్చి ఆదుకుంటేగానీ బయటపడలేకపోయాడు.

బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌కైతే ఈ పదవంటేనే గిట్టదు. నిర్దిష్టమైన పనంటూ లేని ఉద్యోగమని ఆయన లెక్క. వాటర్లూ ముందు రాత్రి, తన తర్వాతి స్థానంలో ఉన్న అక్స్‌బ్రిడ్జ్ రేపటి వ్యూహమేమిటని అడిగితే, నెపోలియన్ తన వ్యూహం నాకు చెప్పలేదు, నేను నీకెలా చెప్పను అన్నాడని చెప్పుకుంటారు. మర్నాడు వెల్లింగ్టన్‌కు ఏమైనా అయివుంటే అక్స్‌బ్రిడ్జ్ సైన్యాన్ని ఏ దారిన నడిపేవాడో ఊహించుకోవాల్సిందే.

అంతకు రెండు రోజుల ముందు, 1815 జూన్ 16 సాయంత్రం, లినీ దగ్గర ప్రష్యన్లకు సరిగ్గా ఆ గతే పట్టింది. వాళ్ల సేనాపతి, 72 ఏళ్ల బ్లూషర్ గుర్రం తూటా తగిలి కూలిపోయింది, ఆయన దాని కింద ఇరుక్కుపోయాడు. చీకట్లో ఫ్రెంచి ఆశ్వికులు పక్కనుంచే దూసుకుపోయినా ఆయన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు పగ్గాలు పట్టింది మరో సేనాపతి కాదు, చీఫ్ ఆఫ్ స్టాఫ్ గ్నైజెనౌ. సైన్యాన్ని ఉత్తరంగా వావ్ర్ వైపు మళ్లించాడు. రెండు రోజుల తర్వాత ప్రష్యన్లు వాటర్లూకు వచ్చి పడగలిగారంటే ఆ దారి పట్టడం వల్లే. హోదాలో తర్వాతివాడెవడన్నది కాదు, వ్యూహం ఎవరి బుర్రలో ఉందన్నది ముఖ్యమని తేలింది.

అసలు మార్పు తెచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం. కందకాల్లోంచి లేచిన బెటాలియన్లు గంటల్లో అధికారులందరినీ పోగొట్టుకోవడం మొదలయ్యాక, దాడికి వెళ్లే ప్రతి బెటాలియన్ నుంచీ కొందరిని వెనకే ఉంచడం బ్రిటిష్ సైన్యానికి అలవాటైంది. క్రమంగా అది రాతపూర్వక ఆదేశమైంది. కమాండింగ్ ఆఫీసర్, సెకండ్ ఇన్ కమాండ్ ఇద్దరూ ఒకే దాడిలోకి దిగకూడదు. మిగిలినవాళ్లతో బెటాలియన్‌ను మళ్లీ నిలబెట్టాలి మరి! ఉపనాయకుడికి ఇన్నాళ్లకు దొరికిన కచ్చితమైన పని ఇదే: బతికి ఉండటం. వినడానికి చిన్నతనంగా ఉంటుందేమోగానీ, సహచరులు ముందుకు వెళ్తుంటే వెనక కూర్చోవడం తేలికేమీ కాదు.

సోవియట్ సైన్యం దారి వేరు. అక్కడ కమాండర్‌తో సరిసమానంగా పెత్తనం చేసిన రాజకీయ కమిసార్‌ను 1942 అక్టోబరులో తగ్గించి డిప్యూటీ కమాండర్‌ను చేశారు. ఒక కత్తికి ఒకే పిడి ఉండాలని వాళ్లకూ యుద్ధమే నేర్పింది.

వారసుణ్ణి ముందే అందరికీ చెప్పకపోతే ఏమవుతుందో 1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్‌లో తెలిసింది. బ్రిటిష్ మొదటి ఎయిర్‌బోర్న్ డివిజన్ కమాండర్ అర్కార్ట్, తన తర్వాత లాత్‌బరీ, ఆ తర్వాత హిక్స్, ఆపైన హ్యాకెట్ అని తీర్మానించుకున్నాడు. ఆ మాట చీఫ్ ఆఫ్ స్టాఫ్ మెకెంజీకి చెప్పింది విమానం ఎక్కబోతూ! అర్కార్ట్, లాత్‌బరీ ఇద్దరూ జర్మన్ల మధ్య చిక్కుబడిపోయారు. డివిజన్ జనరల్ ఒక ఇంటి అటకమీద దాక్కున్నాడు. రెండో రోజు దిగిన హ్యాకెట్‌కు, తనకన్నా జూనియరైన హిక్స్ డివిజన్‌ను నడుపుతున్నాడని అక్కడికొచ్చాకే తెలిసింది. ఆర్న్‌హెమ్ వంతెన దగ్గర తమవాళ్లు చస్తుంటే ఆ రాత్రి హార్టెన్‌స్టైన్ హోటల్లో ఈ ఇద్దరు బ్రిగేడియర్లూ వాదులాడుకున్నారు.

మన దేశానికొస్తే, కంపెనీ కాలంలో ఉత్తర సర్కారుల నుంచి మద్రాసు సైన్యంలో చేరిన తెలుగు సిపాయిల పైన సుబేదారు, అతని కింద జమేదారు ఉండేవారు. సుబేదారుకు ఎంత అనుభవమున్నా నిన్నగాక మొన్న వచ్చిన తెల్ల కుర్రాడి కిందే. బ్రిటిష్ అధికారులు కొద్దిమందే ఉండే పంజాబ్ సరిహద్దు దళాల్లో కమాండెంట్, సెకండ్ ఇన్ కమాండ్, అడ్జుటెంట్ అనే వరస స్థిరపడింది. ఆ సెకండ్ ఇన్ కమాండే ఇవాళ ‘టూఐసీ’. శాంతికాలంలో శిక్షణ, మెస్ లెక్కలు, సామగ్రి, జవాన్ల కుటుంబాల బాగోగులు అన్నీ ఆయన నెత్తినే. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లలో ఇది ఏకంగా ఒక ర్యాంకే అయిపోయింది. డిప్యూటీ కమాండెంట్‌కు పైన, కమాండెంట్‌కు కింద.

ఇంత జాగ్రత్తగా అల్లుకున్న నియమం కొండమీద నిలవలేదు. 1999 కార్గిల్ యుద్ధంలో తోలోలింగ్ ఎక్కుతున్న 18 గ్రెనేడియర్స్ మే 30న మేజర్ రాజేశ్ అధికారిని పోగొట్టుకుంది. కొద్దిరోజులకే టూఐసీ లెఫ్టినెంట్ కల్నల్ ఆర్. విశ్వనాథన్ స్వయంగా దాడికి వెళ్లి ప్రాణాలర్పించారు. ఆయనకు వీరచక్ర ప్రకటించారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆ కాగితం ప్రకారమైతే టూఐసీ కింద శిబిరంలో ఉండాలి. కానీ పైన జవాన్లు రాళ్ల చాటున ఇరుక్కుని ఉన్నప్పుడు ఆ కాగితాన్ని పట్టుకుని కూర్చునేవాడికి, రేపు బెటాలియన్ తన చేతికొచ్చినా, ఆ జవాన్ల ముందు నిలబడే మొహం ఉండదు.