ఇంజనీర్డ్ హార్డ్‌వుడ్: చెక్క సబ్‌ఫ్లోర్‌పై అమరిక

గట్టి కలప పలుచటి పొరను ప్లైవుడ్ మీదగానీ, దట్టంగా నొక్కిన ఫైబర్‌బోర్డు మీదగానీ అతికించి చేసే పలకలను ఇంజనీర్డ్ హార్డ్‌వుడ్ అంటారు. పైకి కనిపించేది ఓక్, మేపుల్, హికరీ వంటి అసలు కలపే. ఆ పొర మందం రకాన్నిబట్టి మిల్లీమీటరులోపు నుంచి 6 మి.మీ. దాకా ఉంటుంది. ప్లైవుడ్ రకంలో లోపలి పొరలను ఒకదాని నారకు మరొకటి అడ్డంగా పేరుస్తారు కనుక తేమకు ఉబ్బడం, పొడి గాలికి కుంచించుకోవడం నిండు కలపలో కంటే తక్కువ. తక్కువేగానీ బొత్తిగా లేకపోలేదు. అమరికలోని జాగ్రత్తలు చాలావరకు ఆ మిగిలిన కదలిక కోసమే.

అమెరికా, కెనడాల్లో ఇళ్లను ఎక్కువగా కలప చట్రంతో కడతారు. సాధారణంగా 16 అంగుళాలకొకటిగా వేసిన దూలాల మీద ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో నొక్కి చేసిన) షీట్లు బిగిస్తారు. ఇదే సబ్‌ఫ్లోర్. కాంక్రీటు శ్లాబు మీద టైల్స్, గ్రానైటు పరిచే మన ఇళ్లలో దీనికి చోటు లేదు. న్యూజెర్సీలో బేస్‌మెంటున్న ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి మాత్రం కార్పెట్ ఎత్తగానే కనిపించేది ఇదే.

దీని మీద పలకలు అమర్చే పని బాగుపడేదీ చెడేదీ మొదటి పలక వేయకముందే చాలావరకు తేలిపోతుంది. సబ్‌ఫ్లోర్‌లో తేమ 12 శాతం మించరాదని చాలామంది తయారీదారులు చెబుతారు. మీటరుతో గదిలో ఒక్కచోట చూసి వదిలేయకూడదు. బయటి గోడల వెంబడి, వంటింటి సింకు దగ్గర, స్నానాల గది గుమ్మం దగ్గర తప్పక చూడాలి. ఇంటి కింద ఖాళీ జాగాలో మట్టి బయటికి కనిపిస్తుంటే దాన్ని 6 మిల్‌ల (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందపు పాలిథిన్‌తో కప్పాకే పైన పని మొదలుపెట్టాలి. గదిలో గాలి తేమ 30–50 శాతం మధ్య నిలకడగా ఉండాలి. గోడల ప్లాస్టరు, రంగులు ఆరకముందే పలకలు లోపలికి తేవడం చేజేతులా చేసుకునే నష్టం.

తర్వాత చదును. మేకులు కొట్టే పద్ధతిలో 10 అడుగుల నిడివిలో పావు అంగుళానికి మించి ఎత్తుపల్లాలు ఉండకూడదు. నిర్మాణ సమయంలో వానకు తడిసిన ఓఎస్‌బీ షీట్ల అంచులు ఉబ్బి అతుకుల దగ్గర గట్లు కడతాయి, వాటిని సానపట్టాలి. గదంతా నడిచి, కిర్రుమన్న ప్రతిచోటా దూలంలోకి దిగేలా స్క్రూ బిగించాలి. పలకలు పరిచాక ఆ చప్పుడు ఆపడం చాలా కష్టం.

సబ్‌ఫ్లోర్ మీద తారు పట్టించిన ఫెల్ట్ పరుస్తారు. పాలిథిన్ పరిస్తే తేమ చెక్కలోనే చిక్కుకుంటుంది. పలకలు దూలాలకు అడ్డంగా సాగాలి. గోడ పక్కన మేకుల యంత్రం పట్టదు కాబట్టి మొదటి వరుసకు పైనుంచే మేకులు కొట్టి, తలలను పుట్టీతో కప్పుతారు. చోటు దొరికాక పలక అంచున పొడుచుకొచ్చిన నాలుకలోకి 45 డిగ్రీల వాలుగా, 4–6 అంగుళాలకొక మేకు. మేకుల యంత్రానికి అందే గాలి ఒత్తిడి ఎక్కువైతే నాలుక చీలుతుంది. తక్కువైతే మేకు తల పైకి నిలిచి పక్క పలకను గాడిలో కూర్చోనివ్వదు. అందుకే ముందుగా పనికిరాని ముక్క మీద ఒత్తిడి సరిచూసుకోవాలి. నాలుగైదు పెట్టెల పలకలు కలిపి పేర్చుకుంటే రంగు తేడాలు ఒకేచోట గుంపుకట్టవు. పక్కపక్క వరుసల్లో కొసల అతుకులు కనీసం 6 అంగుళాలు, వెడల్పు పలకలైతే ఇంకా ఎక్కువ, ఎడంగా ఉండాలి.

మేకులు లేకుండా ఒకదానికొకటి బిగిసే పలకలను పలుచటి ఫోమ్ మీద పరిచే పద్ధతీ ఉంది. త్వరగా అయిపోతుంది, కానీ నేలంతా ఒకే తునకగా కదులుతుంది కనుక వంటింటి మధ్య బరువైన గట్టును దాని మీద బిగించకూడదు.

ఏ పద్ధతైనా గోడ చుట్టూ తయారీదారు చెప్పినంత, మామూలుగా అర అంగుళం దాకా, ఖాళీ వదలాలి. దాన్ని కప్పే స్కర్టింగ్‌ను గోడకే కొట్టాలి, నేలకు కాదు.